పాంఝరా పైపు దగ్గర మొదలైన చదువు: ఇంజనీరుగా విశ్వేశ్వరయ్య తయారైన తీరు

ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం వస్తుంది. మన బళ్ళలో మైసూరు తలపాగా పెట్టుకున్న ఆ పెద్దాయన ఫోటోకి దండ వేస్తాం. కృష్ణరాజసాగర్ కట్టారని, భారతరత్న వచ్చిందని, నూరేళ్ళు బతికారని పిల్లల చేత చెప్పిస్తాం. ఇవన్నీ నిజాలే. అయితే పదో తరగతిలో ఉన్న మన పిల్లవాడికి, పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతున్న మన అమ్మాయికి ఎక్కువగా పనికొచ్చే భాగం వీటికంటే ముందే ఉంది. దానిలో చాలా వరకు జరిగింది మహారాష్ట్ర నేల మీదే.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుణెలో ఇంజనీరింగ్ చదివారు. నాసిక్, ధూళే, పుణెలలో ఉద్యోగం చేశారు. తెలుగు కుటుంబంలో పుట్టి, కన్నడ ఊళ్ళో పెరిగి, ఇంగ్లీషులో డిగ్రీ చేసి, మరాఠీ రైతుల మధ్య పని నేర్చుకున్నారు. నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు ఎన్నో తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు నడుస్తున్నదీ దాదాపు ఇదే కథ. ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకొకటి, పుస్తకంలో మూడోది. పిల్లవాడు ఎందులోనూ నిలదొక్కుకోలేడేమో అన్న బెంగ తల్లిదండ్రులు మాతో తరచుగా చెబుతుంటారు. అందుకే ఈసారి ఆయన జీవితంలోని మొదటి సగాన్ని కాస్త వివరంగా చెప్పాలనుకున్నాం.

ఇంటిపేరులో ఉన్న ఊరు

మోక్షగుండం ఒక ఊరి పేరు. ఆంధ్రప్రదేశ్‌లో గిద్దలూరు వైపు ఉంటుంది. విశ్వేశ్వరయ్య పూర్వీకులు కొన్ని తరాల కిందట అక్కడి నుంచి మైసూరు సంస్థానానికి వలస వెళ్ళారు. చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో స్థిరపడ్డారు. ఊరు మారినా ఇంటిపేరులో పాత ఊరు మిగిలిపోయింది. వలస వచ్చిన మన కుటుంబాల్లోనూ ఇలాంటి ఇంటిపేర్లు ఎన్నో ఉన్నాయి.

ఆయన పుట్టిన సంవత్సరాన్ని కొందరు 1860 అని, కొందరు 1861 అని రాస్తారు. తేదీ మాత్రం సెప్టెంబరు 15. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. చదువుకు గౌరవం ఉన్న ఇల్లే గానీ, చదివించడానికి డబ్బున్న ఇల్లు కాదు. పిల్లవాడు బడిలో ఉండగానే తండ్రి చనిపోయారు.

మొదటి చదువు చిక్కబళ్ళాపురంలో సాగింది. ఆ తర్వాత బెంగళూరులో ఉన్న మేనమామ రామయ్య పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకున్నారు. తండ్రి లేని పిల్లవాడి చదువును మేనమామ భుజాన వేసుకోవడం మన ఇళ్ళల్లో కొత్త సంగతేం కాదు. ఆ ఒక్క చేయూత అందకపోతే ఈ కథ ముద్దేనహళ్ళిలోనే ఆగిపోయేది.

ట్యూషన్లు చెప్పుకుంటూ డిగ్రీ

బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరే నాటికి ఖర్చులు పెరిగాయి. అక్కడ స్థిరపడిన ఒక కొడగు కుటుంబం తమ పిల్లలకు పాఠాలు చెప్పే పనిని ఆయనకిచ్చింది. ఆ ఇంట్లోనే ఉండటానికి చోటూ దొరికింది. పగలు తన చదువు, ఉదయం సాయంత్రం పిల్లల చదువు. చిన్న పిల్లలకు లెక్కలు చెప్పేవాడికి తన లెక్కలు గట్టిపడతాయన్న సంగతి మన ఉపాధ్యాయులకు మేము చెప్పనవసరం లేదు.

కాలేజీ ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్ ఈ కుర్రవాడి లెక్కల పట్టును గమనించి ప్రోత్సహించారు. 1881 నాటికి విశ్వేశ్వరయ్య మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఎ. పట్టా అందుకున్నారు. అంతటితో గుమాస్తా ఉద్యోగమో, బడిలో మాస్టరు ఉద్యోగమో దొరికేది. ఇంటి పరిస్థితి చూస్తే అదే తెలివైన పని అనిపించేది కూడా.

అప్పట్లో మన దేశంలో ఇంజనీరింగ్ చెప్పే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. మద్రాసు దగ్గర గిండీ, ఉత్తరాన రూర్కీ, కలకత్తా దగ్గర శివపూర్, పశ్చిమాన పుణె. మైసూరు సంస్థానంలో అలాంటి కాలేజీ లేదు. అందుకని తెలివైన విద్యార్థులను బయటికి పంపి చదివించడానికి మైసూరు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చేది. దివాన్ రంగాచార్లు కాలంలో ఆ స్కాలర్‌షిప్ విశ్వేశ్వరయ్యకు దక్కింది. ఆయన పుణె రైలెక్కారు.

పుణెలో పరీక్ష, పరీక్షలో ఉద్యోగం

పుణె కాలేజీ 1854లో చిన్న ఇంజనీరింగ్ తరగతిగా మొదలైంది. ప్రభుత్వ పనులకు కింది స్థాయి సిబ్బందిని తయారు చేయడం దాని మొదటి ఉద్దేశం. విశ్వేశ్వరయ్య చేరే నాటికి అది కాలేజ్ ఆఫ్ సైన్స్ అయింది. ఇప్పుడు మనం సి.ఓ.ఇ.పి. అని పిలిచే సంస్థ అదే.

అక్కడ ఆయన చదివిన కోర్సు ఎల్.సి.ఇ., అంటే సివిల్ ఇంజనీరింగ్‌లో లైసెన్షియేట్. 1883లో ఆ పరీక్షలో బొంబాయి ప్రెసిడెన్సీ మొత్తానికి మొదటి స్థానం ఆయనదే. జేమ్స్ బర్క్‌లీ బహుమతి కూడా వచ్చింది. ఆ పరీక్షలో ముందు నిలిచినవారికి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం ఇస్తామని బొంబాయి ప్రభుత్వం ముందే హామీ ఇచ్చి ఉంది. ఇంటర్వ్యూ లేదు, సిఫార్సు లేదు. 1884లో ఆయన నాసిక్‌లో ఉద్యోగంలో చేరారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. తండ్రి లేని పిల్లవాడు అసిస్టెంట్ ఇంజనీరు అయ్యాడు. దీన్ని కేవలం తెలివితేటల కథగా చెబితే సగం కథే అవుతుంది. మేనమామ ఇల్లు, ట్యూషన్ ఇచ్చిన కుటుంబం, గమనించిన ప్రిన్సిపాల్, సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్, ముందే హామీ ఉన్న ఉద్యోగం. ఈ అయిదు మెట్లలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ తెలివి ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. మన పిల్లల విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న ఇదే. తెలివి ఉందా అని ఒక్కటే అడిగితే చాలదు. ఈ మెట్లలో ఏది లేదో చూసి, దాన్ని ఎవరు వేస్తారో తేల్చుకోవాలి.

వానాకాలంలో పైపు

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలోనే ఆయన్ను ఖాందేశ్‌కు, అంటే ధూళే వైపు పంపారు. అక్కడ పాంఝరా నది పరిసరాల్లో ఒక పైపు సైఫన్ వేయాలి.

ఆ పని ఏమిటో తెలిస్తే తరవాతి కథ బాగా అర్థమవుతుంది. నీళ్ళు ఒక గట్టు నుంచి అవతలి గట్టుకు పోవాలి, మధ్యలో వాగు అడ్డం ఉంది. వంతెన మీదుగా తీసుకుపోవచ్చు, కానీ ఖర్చెక్కువ. వాగు అడుగున పైపు పాతిపెడితే నీళ్ళు ఒక వైపు కిందికి దిగి, రెండో వైపు తమంతట తామే పైకి లేస్తాయి. నీళ్ళు లోపలికి వెళ్ళే చోటు బయటికి వచ్చే చోటు కంటే కొంచెం ఎత్తులో ఉంటే చాలు, మోటారు అక్కర్లేదు. చెప్పడం సులువే. వాగులో నీళ్ళుండగా గోతులు తవ్వి, పైపు దించి, అతుకులు బిగించడం మాత్రం సులువు కాదు.

పని నడుస్తుండగా వానలు మొదలయ్యాయి. తవ్విన గోతిని వరద ఇసుకతో పూడ్చేసేది. పైగా డబ్బు వృథా. కొత్త ఇంజనీరు ఆలోచించి, వానాకాలం అయ్యాక మళ్ళీ మొదలుపెడదామని పై అధికారికి రాశారు. లెక్క ప్రకారం ఆయన రాసింది సబబుగానే కనిపిస్తుంది. పై అధికారికి మాత్రం అది నచ్చలేదు. మొదటి పనిలోనే వెనకడుగు వేస్తే ఆ మాట రికార్డులోకి ఎక్కుతుందన్న భావం వచ్చేలా ఆయన జవాబు ఇచ్చారు.

ఇలాంటి జవాబు వచ్చినప్పుడు కుర్ర ఇంజనీర్లు రెండు రకాలుగా ప్రవర్తించడం మనం చూస్తుంటాం. కొందరు అలిగి సెలవు పెడతారు. కొందరు తలూపి, పని మేస్త్రీకి వదిలేస్తారు. విశ్వేశ్వరయ్య సైటుకు తిరిగి వెళ్ళారు. వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా పని సాగించారు. వాగు పొంగి దారి మూసుకుపోయిన రోజులూ ఉన్నాయి. చివరికి పైపు పడింది, పని పూర్తయింది. ఏ అధికారి కోప్పడ్డారో ఆయనే తర్వాత ఈ కుర్రవాడి పనిని మెచ్చుకున్నారు.

ఈ ఘట్టాన్ని ఆయన ముసలితనంలో రాసుకున్న ఆత్మకథలో చోటిచ్చి మరీ గుర్తు చేసుకున్నారు. పెద్ద పెద్ద డ్యాములు కట్టిన మనిషి ఒక వాగు కింది పైపును మరచిపోలేదంటే, ఆ పైపు దగ్గర నేర్చుకున్నది కాలేజీలో దొరకనిదన్న మాట. అధికారి కోపం న్యాయమేనా అంటే, అందులో కొంత మొండితనం ఉందనే మాకనిపిస్తుంది. అయితే పని ఆపాలా, పద్ధతి మార్చాలా అన్న ప్రశ్న ఇంజనీరు ముందు ప్రతి వానాకాలంలో నిలబడుతుంది. ఆపుదామని రాసే ముందు పద్ధతి మార్చి చూశానా అని తనను తాను అడగడం ఆయనకు అక్కడే అలవాటైంది. తర్వాత శాఖాపరమైన పరీక్షలు కూడా గట్టెక్కి, తొలి కొద్ది సంవత్సరాల్లోనే పై గ్రేడుకు చేరారు.

ఎవరూ వెళ్ళాలనుకోని చోటు

1890ల మొదట్లో సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి తాగునీటి పథకం కావలసి వచ్చింది. సింధు అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీలోనే ఉండేది. విపరీతమైన ఎండ, దూరం. అలాంటి పోస్టింగ్ ఎవరూ కోరుకోరు. 1893లో విశ్వేశ్వరయ్య వెళ్ళారు.

ఊరు నది ఒడ్డునే ఉంది, కానీ సింధు నీళ్ళు బురద. శుద్ధి చేయడానికి ఫిల్టర్ బెడ్లు కట్టాలంటే పురపాలక సంఘం దగ్గర అంత డబ్బు లేదు. ఆయన నది ఇసుకనే ఫిల్టరుగా వాడుకున్నారు. ఏటి పడకలో బావి దింపితే, ఇసుకలోంచి ఊరి వచ్చే నీరు తేటగా ఉంటుంది. ఆ నీటిని పంపులతో ఎత్తులో ఉన్న ట్యాంకుకు ఎక్కించి ఊరికి ఇచ్చారు. 1895లో పథకం పూర్తయింది.

వేసవిలో వాగు ఇసుకలో చెలమ తవ్వి తేట నీళ్ళు తోడుకోవడం మన పల్లెల్లో ఆడవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. సుక్కూరు బావి వెనుక ఉన్న సూత్రం అదే. చదువుకున్న లెక్కకు ఊరి తెలివి తోడైతే ఖర్చు ఎలా తగ్గుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు కనిపించలేదు. బడిలో పిల్లలకు ఇసుక, గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ సీసాతో దీన్ని అరగంటలో చేసి చూపించవచ్చు.

రైతులతో మాట్లాడిన ఇంజనీరు

ఆ తర్వాత ఆయన పుణె ప్రాంతంలో సాగునీటి పనులు చూశారు. కాలువల కింద ఒక పాత జబ్బు ఉండేది. మొదట్లో ఉన్న రైతులు చెరకు వేసి నీళ్ళు విచ్చలవిడిగా పారించేవారు. చివర ఉన్నవారికి అందేవి కావు. నీరు నిలిచిన నేల పాడయ్యేది, దోమలు పెరిగి జ్వరాలు వచ్చేవి.

1899 ప్రాంతంలో ఆయన బ్లాక్ పద్ధతి తెచ్చారు. కాలువ కింది భూమిని బ్లాకులుగా విడదీస్తారు. ఒక్కో బ్లాకులో కొంత భాగానికే చెరకు లాంటి నీటి పంట, మిగతా దానికి ఆరుతడి పంటలు. వంతు ఏటేటా మారుతుంది. ఉన్న నీరే ఎక్కువ మందికి అందుతుంది. కాగితం మీద బాగానే ఉంది గానీ రైతులు నమ్మలేదు. ప్రభుత్వం తమ నీళ్ళు లాక్కుంటోందని అనుమానించారు. పత్రికలూ విమర్శించాయి. ఆయన రైతులతో కూర్చుని, ఎవరికి ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నది వివరించి ఒప్పించారు.

భాష విలువ ఇక్కడే తెలుస్తుంది. నక్షా ఇంగ్లీషులో గీయవచ్చు, అంచనా ఇంగ్లీషులో రాయవచ్చు. కాలువ గట్టు మీద రైతును ఒప్పించాల్సింది రైతు భాషలోనే. బిలోలిలో పెరిగిన మన పిల్లవాడు తెలుగు, మరాఠీ రెండూ మాట్లాడతాడు, హిందీ కూడా తెలుసు. సైటులో పాలమూరు నుంచి వచ్చిన కూలీతో తెలుగులో, ఊరి సర్పంచ్‌తో మరాఠీలో, ఆఫీసుతో ఇంగ్లీషులో మాట్లాడగల ఇంజనీరు ఏ కంపెనీకైనా అక్కరకొస్తాడు. ఇన్నాళ్ళూ మనం లోటు అనుకున్నది అతని చేతిలో పనిముట్టు.

వాటంతట అవే తెరుచుకునే గేట్లు

పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయంలో ఇంకో చిక్కు ఉండేది. వానాకాలంలో అదనపు నీరంతా అలుగు మీదుగా పోయేది, ఎండాకాలంలో కొరత. డ్యామును ఎత్తు పెంచాలంటే చాలా ఖర్చు. ఆయన అలుగు మీద గేట్లు అమర్చారు. నీరు ఒక మట్టం దాకా పెరిగే వరకూ అవి మూసే ఉంటాయి. ఆ మట్టం దాటగానే నీటి ఒత్తిడికి వాటంతట అవే తెరుచుకుంటాయి. వరద తగ్గాక మళ్ళీ మూసుకుంటాయి. 1903లో వాటిని అక్కడ బిగించారు. డ్యాము గోడ పెంచకుండానే నిల్వ పెరిగింది. ఆ గేట్లకు ఆయన పేటెంటు కూడా తీసుకున్నారు.

నాందేడ్ వాళ్ళకు గేట్ల సంగతి వివరించనక్కర్లేదు. గోదావరి మీద విష్ణుపురి గేట్లు ఎత్తారంటే పట్టణమంతా చెప్పుకుంటుంది. ధర్మాబాద్ దగ్గరి బాబ్లీ గేట్లు జూలై 1న ఎత్తి అక్టోబరు చివర దించడం 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జరుగుతోంది. ఒక గేటు ఎప్పుడు ఎత్తాలన్నది రెండు రాష్ట్రాల రైతుల బతుకుతో ముడిపడిన విషయం. దాన్ని దగ్గర నుంచి చూస్తూ పెరిగే పిల్లలకు సివిల్ ఇంజనీరింగ్ అంటే ఏమిటో పాఠం చెప్పడం తేలిక.

హైదరాబాదు, మన పాత రాజధాని

1906లో ఏడెన్‌కు వెళ్ళి అక్కడి తాగునీరు, మురుగు పారుదల మీద నివేదిక ఇచ్చారు. అప్పటికి పదవుల నిచ్చెనలో చాలా పైకి వచ్చారు. ఆంగ్లేయుల ఏలుబడిలో ఆ నిచ్చెన పై మెట్టు, అంటే ముఖ్య ఇంజనీరు పదవి, భారతీయుడికి అందడం దాదాపు అసాధ్యం. అది గ్రహించి, దాదాపు పాతికేళ్ళ నౌకరీ తర్వాత ఆయన బొంబాయి ఉద్యోగం వదిలేసి విదేశీ యాత్రకు వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. వేల మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. అప్పటి నాందేడ్ జిల్లా కూడా ఆ నిజాం రాజ్యంలోదే. 1909లో ఆయన కొన్ని నెలలు హైదరాబాదులో ఉండి వానల లెక్క, నది వాలు, పరీవాహక ప్రాంతం పరిశీలించారు. ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవే దశాబ్దాల పాటు నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి.

సూచన ఆయనది. దాన్ని కట్టి నిలబెట్టింది హైదరాబాదు సంస్థానపు ఇంజనీర్లు. వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. మంజీర మీద 1923 నుంచి 1931 వరకు నడిచిన నిజాంసాగర్ నిర్మాణం ఆయన చేతి మీదుగానే సాగింది. ఆ మంజీరే దెగ్లూర్, బిలోలి వైపుగా వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య ఫోటో పక్కన అలీ నవాజ్ జంగ్ ఫోటో కూడా పెడితే మన పిల్లలకు తమ నది కథ పూర్తిగా తెలుస్తుంది.

తీర్చిన బాకీ, మిగిలిన ప్రశ్న

1909 చివర ఆయన మైసూరు ముఖ్య ఇంజనీరు అయ్యారు. తనను చదివించిన సంస్థానానికి పాతికేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళడమన్న మాట. 1911లో కృష్ణరాజసాగర్ పని మొదలైంది. 1912లో దివాన్ అయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఇంజనీరింగ్ చదవడానికి ఇక ఏ మైసూరు పిల్లవాడూ పుణె రైలెక్కాల్సిన అవసరం లేకుండా పోయింది. స్కాలర్‌షిప్ బాకీ ఇంతకంటే బాగా ఎవరూ తీర్చలేరు.

ఆయన జీవితంలో మేము తేలిగ్గా ఒప్పుకోలేని పుట కూడా ఒకటి ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వెనకబడిన కులాలకు వాటా ఇవ్వాలని మిల్లర్ కమిటీ చేసిన ప్రయత్నంతో ఆయన ఏకీభవించలేదు. ప్రతిభ దెబ్బతింటుందని భావించారు. మహారాజుతో ఈ విషయంలో కుదరక దివాన్ పదవి వదిలేశారు. ప్రతిభ మీద ఆయన నమ్మకం నిజాయితీ గలదే. కానీ ఆయన ప్రతిభ కూడా ఒంటరిగా పైకి రాలేదని ముందే చూశాం. పండితుల ఇంట్లో పుట్టిన ఆయనకే అన్ని చేతులు కావలసి వచ్చాయి. అక్షరం ముఖం చూడని ఇంట్లోంచి వచ్చే పిల్లలకు ఇంకెన్ని కావాలి? మహనీయుల జీవితం చెప్పేటప్పుడు ఈ ప్రశ్న పిల్లల ముందు పెట్టడానికి ఉపాధ్యాయులు వెనకాడనవసరం లేదని మా అభిప్రాయం.

1955లో భారతరత్న వచ్చింది. తొంభై దాటాక కూడా బీహారులో గంగ మీద కట్టబోయే వంతెనకు స్థలం ఎంపికలో సలహా ఇచ్చారు. 1962 ఏప్రిల్ 14న బెంగళూరులో కన్నుమూశారు. మహారాష్ట్ర ఆయన్ను మరచిపోలేదు. నాగ్‌పూర్‌లోని జాతీయ సాంకేతిక సంస్థకు ఆయన పేరే ఉంది.

మన పిల్లల మెట్లు

ఇప్పటి మెట్లు వేరు, కానీ మెట్ల అవసరం అదే. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ సివిల్ డిప్లొమా చేసి, నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. పన్నెండు తర్వాతైతే రాష్ట్ర సి.ఇ.టి. లేదా జె.ఇ.ఇ. మెయిన్. జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నపత్రం 2021 నుంచి తెలుగులో కూడా ఇస్తున్నారు. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఇంకా చాలామంది ఉన్నారు. దూరం పంపలేమనుకునే వారికి నాందేడ్‌లోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. 1981లో మొదలైన శ్రీ గురు గోవింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ సంస్థ విష్ణుపురిలో ఉంది.

మరాఠీని మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగానికి మరాఠీ చదవడం, రాయడం రావాలి. తెలుగు బడిలో చదివే పిల్లలకు మరాఠీ పీరియడు మొక్కుబడిగా సాగితే, పదేళ్ళ తర్వాత దాని ఖరీదు తెలుస్తుంది.

ఆడపిల్లల మాట. విశ్వేశ్వరయ్య చదివిన కాలంలో ఇంజనీరింగ్ తరగతిలో అమ్మాయి కనిపించేది కాదు. తెలుగింటి ఆడబిడ్డ అయ్యలసోమయాజుల లలిత 1943లో గిండీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికి వచ్చారు. చిన్న వయసులోనే భర్త పోయి, చేతిలో పసిబిడ్డ ఉండగా ఆమె ఆ చదువు చదివారు. అమ్మాయి సైటులో ఎలా నిలబడుతుంది అని అడిగే ఇంట్లో ఈ పేరు వినిపించాలి.

చివరిగా ఉద్యోగపు తొలి ఏళ్ళ గురించి. డిగ్రీ చేతికి రాగానే జీతం ఎంత అని అడగడం సహజం. దానితోపాటు పని ఏమిటని కూడా అడగండి. మొదటి రెండు మూడేళ్ళు సైటులో ఉన్నవాడు లెవెల్ మిషను చూడటం, స్టీలు కొలత తీయడం, ఎంబీ రాయడం నేర్చుకుంటాడు. కాంక్రీటు పోసిన రోజే 15 సెంటీమీటర్ల ఘనాలు పోయించి, 7 రోజులకు, 28 రోజులకు వాటి బలం పరీక్ష చేయించడం అలవాటవుతుంది. అబద్ధపు కొలత రాయమన్నప్పుడు రాయనని చెప్పే ధైర్యం కూడా ఆ ఏళ్ళలోనే రావాలి, లేకపోతే తర్వాత రాదు. ఇంటికి ఫోన్ చేసి ఎండ, దుమ్ము, పై అధికారి కేకలు అని చెప్పుకుంటే వినండి, ఓదార్చండి. అన్యాయం జరుగుతుంటే అండగా నిలబడండి. పని కష్టంగా ఉందని మాత్రమే అయితే, ఇంకో వానాకాలం అక్కడే ఉండమని చెప్పండి.

ఈ సెప్టెంబరు 15న బడిలో ఒక పని చేయించమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. రెండు బకెట్లు, మీటరున్నర పారదర్శక పైపు, కొంచెం రంగు నీళ్ళు చాలు. నీళ్ళు నింపిన పైపును ఒక బకెట్ నుంచి కిందికి వంచి, మరో బకెట్‌లోకి పైకి తీసుకురండి. మొదటి బకెట్‌ను కాస్త ఎత్తండి. నీళ్ళు వాగు కింద నుంచి అవతలి గట్టుకు ఎక్కడం పిల్లలు కళ్ళారా చూస్తారు. బకెట్ ఎంత ఎత్తితే ఎంత వేగంగా పారుతుందో వాళ్ళనే కొలవమనండి, వచ్చిన అంకెలను వాళ్ళకు ఏ భాష వస్తే ఆ భాషలో రాసుకోమనండి.